వర్తించవచ్చు

చింబోతే ఆసుపత్రి, మూడో వార్డు.
తలుపు నుంచి కుళాయి దాకా నేలమీద
పదకొండు పసుపు అడుగులు వేయించాను.
అంతకుముందు గోడలు చెప్పీ చెప్పీ
నోరు నొప్పెట్టి ఊరుకున్నాయి:
చేతులు కడుక్కోండి, చేతులు కడుక్కోండి.
పాదాలు మాత్రం చెప్పించుకోకుండా నడిచాయి.

నివేదిక రాశాను. ఆఖరి వాక్యం:
"ఈ పద్ధతి ఇతర రంగాలకూ వర్తించవచ్చు."
ఆ 'వచ్చు'ని వాకిట్లో నిలబెట్టి
నేను లోపలికెళ్లి పడుకున్నాను.
ఎవరొస్తారని?

వచ్చింది ఎదెల్మీరా.
రాత్రిళ్లు వార్డు తుడిచే మనిషి.
నా అడుగుల మీద గుడ్డ తిప్పుతూ తిప్పుతూ
నాకంటే బాగా చదివింది వాటిని.
మిగిలిన పెయింటు డబ్బా అడిగి పట్టుకుపోయింది.

తమ్ముడు నెత్తళ్ల పడవ మీద పని.
లైఫ్ జాకెట్లు పెట్టెలో,
పెట్టె మీద వలలు,
వలల మీద పిల్లి.
పెట్టె దాకా అడుగులు వేసింది.
రెండో పూటకే చేపల జిగురూ ఐసునీళ్లూ కలిసి
అన్నీ మింగేసి ఒక్క మడమ మిగిల్చాయి.
"కుంటిదయ్యం ఎటు పోయిందమ్మా?" అని
జాలర్లు వారం రోజులు నవ్వారు.

నేనైతే ఇంకా ఖరీదైన పెయింటు కొనేవాణ్ణి.

తను మూడు తెల్లవారుజాములు
రేవులో బకెట్ బోర్లించుకుని కూర్చుంది,
చూపంతా చేతుల మీదే.
నాలుగింటికి, ఇంజను కంటే ముందు,
ఏ చెయ్యైనా మొదట వెళ్లేది ఒక్క చోటికే:
కాఫీ ఫ్లాస్కు.

ఇప్పుడు ఫ్లాస్కు ముందు మేకులు,
మేకులకు తెరలా జాకెట్లు.
తియ్యకుండా కాఫీ అందదు.
తీసినది పెట్టుకునే చోటూ లేదు
ఒంటి మీద తప్ప.

నోటుబుక్కుతో వెళ్లాను.
తొమ్మిది మందిలో ఏడుగురు.
ఒకడు టీ తాగుతాడట.
ముసలి తెయోదోసియో దాన్ని మడిచి
కిందేసుకు కూర్చున్నాడు, మెత్తగా ఉందని.

"నా అడుగులేవి?" అన్నాను.
ఎదెల్మీరా నవ్వలేదు.
"అడుగులు మీ ఆసుపత్రివి సార్.
నేను తెచ్చుకున్నది వాటిని కాదు.
చెయ్యి ముందే ఎటు పోతోందో
చూడ్డం, అంతే."

ఇంటికొచ్చి ఆ ఆఖరి వాక్యం కొట్టేశాను.
దాని చోట ఏం రాయాలో ఇంకా తేలలేదు.
టీ తాగేవాడి సంగతీ
తేలలేదు.