సగ్గుబియ్యం లాంటి రాయి

గ్రీమ్స్‌పేట మూడో సందులో
చాప మీద ఆక్సిజన్ మిషను విప్పినాను.
గొట్టం మూత తిప్పంగానే
జలజలా రాలినాయి తెల్ల గుళ్ళు.
"సగ్గుబియ్యం పోసినారా లోపల?" అంది చెంగమ్మ.
రాయి అమ్మా, అన్నాను.
నమ్మలా.

మంచం మీద రెడ్డెప్ప,
అరువు తెచ్చిన సిలిండరుతో
గాలిని చెంచాడు చెంచాడు తాగతా ఉండాడు.
ముప్పై ఏండ్లు పెనుమూరు దావలో బెల్లం కాచినోడు.
తీపంతా ఊళ్ళకు పంపి
చెరుకుపిప్పి పొగ మాత్రం
తనలోనే దాచిపెట్టుకున్నాడు.

ఈ రాతికి గోడల కంటే గుమ్మాలే ఎక్కువ.
పిడికెడు గుళ్ళ లోపలి గదులన్నీ విప్పి పరిస్తే
ఐదెకరాల మడి కనపడకుండా పోతుంది.
గాలి నెట్టుకుంటా వస్తే
నత్రజనిని చెయ్యి పట్టి కూచోబెడుతుంది,
గడపలోకి వచ్చిన వియ్యపురాలిని
తినకుండా పోనీనట్టు.
ప్రాణవాయువు ఆగదు. దాటుకుని
రెడ్డెప్ప ముక్కు దాకా పోతుంది.
ఫుస్‌మని ఒత్తిడి తీస్తే చాలు,
పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది రాయి.
ఒక గొట్టం పట్టేటప్పుడు రెండోది వదలతా ఉంటుంది.
ఇంకో వింత,
ఆ గోడలు కట్టిందాంట్లో సగం ప్రాణవాయువే.
దాన్ని మాత్రం ఎవురికీ ఇవ్వదు.

మా మేస్త్రి మొగిలప్ప చెప్పిన పరీక్ష:
అరచెయ్యి తడుపు, నాలుగు గుళ్ళు పెట్టు, పిడికిలి మూయి.
బతికున్న రాయి చురుక్కుమంటుంది.
మూసి చూసినాను.
చల్లగా ఉన్నాయి, మెత్తబడిన బొరుగుల మాదిరి.
తుపాను పట్టిన పది రోజుల చెమ్మంతా తాగి
గదిగదిలో నీళ్ళు కాపరం పెట్టేసినాయి.
ఇంక గాలికి చోటేదీ?

కొత్త సంచి కోసినాను.
చెంగమ్మ తడి చెయ్యి చాపింది.
మూసి, ఉలిక్కిపడింది.
"అబ్బ! నిప్పు మింగింది గదా ఇది!"
ఏమనుకుందో ఏమో,
ఆ వెచ్చటి పిడికిలి తీసుకపోయి
మొగుడి అరచేతిలో తెరిచింది.

ఫుస్, టక్. ఫుస్, టక్.
పొద్దుగూకేటప్పటికి
ఆయన వేలికి తగిలించిన మీటరు
తొంభై రెండు కాడ నిలబడింది.

పాత గుళ్ళు పారేయొద్దంది చెంగమ్మ.
ఆవుల కొట్టంలో చల్లితే వాసన పడతాయా?
పడతాయి, అన్నాను. తడిసినా ఆ పనికి వస్తాయి.
కూలిలో నూరు తగ్గించుకున్నాను.
ఆమె నా సంచిలో ఒక బెల్లం అచ్చు వేసింది.

దావలో బండి ఆపి
ఒక మూల కొరికినాను.
ఎంత వెతికినా
పొగ వాసన లేదు.