ఎడమకి లాగే తాబేలు

మొగల్తూరు రోడ్డు, ఐసు ఫ్యాక్టరీ పక్క సందు.
నా కొట్టుకి బోర్డు లేదు.
గుమ్మంలో బోర్లించిన ఏరేటరు చక్రం చాలు,
రొయ్యల చెరువుల వాళ్ళకి అదే బోర్డు.

రాత్రి ఎనిమిది దాటాక వచ్చాడు ఏసుపాదం
మోపెడు మీద, తడి దుప్పట్లో చుట్టి,
అప్పుడే పుట్టిన మేకపిల్లని తెచ్చినట్టు.
"తాబేలక్కా," అన్నాడు.
విప్పితే తెల్ల ప్లాస్టిక్ పడవ,
వీపు మీద సోలారు పలక,
కడుపులో జల్లెడ తొట్టె,
మూతి దగ్గర నాలుగు రెక్కల చక్రం.
దిండి రిసార్టు ఈతకొలనులో
ఎండ వచ్చింది మొదలు పొద్దుగూకేదాకా
రాలినాకులు ఏరుకు తింటుందట.
పదకొండు రోజులుగా తినడం లేదట.

ఎవరికీ చెప్పకుండా తెచ్చాడు.
మేనేజరు అప్పుడే కొత్తదానికి రేటు అడిగేశాడు.
కొత్తదానితో కంపెనీ కుర్రాడూ వస్తాడు,
ఏడాదికింత అని కాయితం రాసుకుని.
పాతది తిరిగితే మాత్రం
దాని తొట్టె దులిపేది, వీపు మీద కొంగ రెట్ట తుడిచేది
ఏసుపాదమే.
ఈ ముక్క అతను అనలేదు.
దుప్పటి నాలుగు మడతలు పెట్టి
మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

మరలు నాలుగు తేలిగ్గా వచ్చాయి.
ఐదోది ఉప్పు పట్టి బిగుసుకుంది.
మా వైపు నీళ్ళకి ఇనుమంటే మహా ఆకలి.
కిరసనాయిలు పోసి, తట్టి, బతిమాలి,
చివరికి తిట్టి తీశాను.
లోపల కొబ్బరి పూత,
చచ్చిన తూనీగ,
ఎవరో పాప జడ రబ్బరు బ్యాండు
ఇరుసుకి ఏడు చుట్లు.
మూడు పళ్ళు ఊడిన నైలాను చక్రం.
నానబెట్టిన శనగలా ఉబ్బిన బ్యాటరీ.

"దీనికి పార్టు దొరకదయ్యా."
"దొరకదనే గదక్కా నీ దగ్గరికొచ్చాను."

పాలకొల్లు లేతు బుల్లెబ్బాయి
పాత ఏరేటరు రెక్క కోసి పళ్ళు తీసిచ్చాడు.
ఒక పన్ను కాస్త లావు,
ఆకురాయి పట్టి నేను అరగదీశాను.
బ్యాటరీ ఎమర్జెన్సీ లైటుది.
బరువెక్కువ. కుడి పక్క పట్టలేదు,
ఎడమ పక్క దూర్చాను.

మర్నాడు ఎండ ముదిరాక
కొట్టు వెనక కాలవలో వదిలాం.
గుర్రపుడెక్క ఆకు ఒకటి కొరికింది,
మింగలేక కక్కింది,
ముందుకి సాగింది.
గోడ తగిలితే వెనక్కి తిరగడం
అదొక్కటే నేర్పారు దానికి.
కాలవకి గోడేదీ?
పోయింది, నీటివాలున, వంతెన కిందకి,
నీడలో కూడా ఆగకుండా. నేను పెట్టిన బ్యాటరీయే!
ఏసుపాదం లుంగీ ఎగ్గట్టి దూకాడు.
ముందు అది, వెనక నడుంలోతు నీళ్ళలో అతను.
వంతెన మీద గడ్డిమోపు సైకిలు ఆగింది.
"ఏటయ్యా అది?"
"మాదేనండి, పట్టండి, పట్టండి!"

కాయితం మీద రాసిచ్చాను:
చక్రం రెండొందలు, బ్యాటరీ మూడొందల యాభై,
గ్యారంటీ లేదు.
"తారీకు కూడా వెయ్యక్కా," అన్నాడు.
ఎందుకో అడగలేదు, వేశాను.

మూడోనాడు ఫోను.
తిరుగుతోందట. మేనేజరు చూశాడట,
ఏమీ అనలేదట,
రేటు కాయితం సొరుగులో పెట్టాడట గానీ
చింపలేదట.
"కాకపోతే ఎడమకి లాగుతోందక్కా.
నడిమధ్యనే గుండ్రంగా తిరుగుతోంది,
మూలల్లో ఆకులు మూలల్లోనే ఉన్నాయి."
"కుడి పక్క ఒక నట్టు కట్టు."
"ఎంత నట్టు?"
"ఒకటి కట్టి చూడు. చాలకపోతే ఇంకోటి.
అది కుదురుకునే దాకా మూలలు నువ్వే ఏరు.
పాత వలకర్ర ఉందా, పారేశారా?"

అవతల కాసేపు నీళ్ళ చప్పుడు.
"ఉందక్కా," అన్నాడు గొంతు తగ్గించి,
"పంపు షెడ్డు వెనక దాచాను."