నాలుక పట్టా

పల్లవి గుంతకల్లు స్టేషన్లో దొరికింది.
బుట్ట నెత్తికెత్తుకుంటూ కుళ్లాయమ్మ అరిచిన నాలుగు స్వరాలు:
"ఉగ్గాణీ" అని స రి గ, ఆ గ దగ్గర కాసేపు నిలిచి
"బజ్జీ" అని ప మీద తెంచేస్తుంది.

ఇంటికి తెచ్చుకున్నాను,
రైల్వే క్వార్టరులో మూలిగే హార్మోనియం మీదికి.
సాగదీశాను. తలకిందులు చేశాను.
ఒకసారి నీరసంగా, ఒకసారి దుడుకుగా.
ధ ఒకటి చేర్చేసరికి
సంత నుంచి వచ్చిన మనిషి మొహం కడుక్కున్నట్టు
అరుపు కాస్తా మోహనమైంది.

మొదటి చరణం దానంతటదే నడిచింది.
రెండో చరణంలో రాత్రి పడాలి.
మాటల్లో పడింది,
స్వరాల్లో ఇంకా మిట్టమధ్యాహ్నం.
శ్రుతి పెంచి చూశాను, ఒకటిన్నర నుంచి రెండున్నరకి.
అదే మనిషి స్టూలెక్కి నిలబడినట్టుంది, అంతే.

ముప్పై ఏండ్లు పాయింట్లు మార్చిన మహబూబ్ పీరా తాత
గోడ అవతల దగ్గి, అన్నాడు:
"ఏమ్మే శశిరేఖా,
బండిని గుంజి పక్క లైన్లో ఏస్తారా యాడన్నా?
నాలుక పట్టా అని ఉంటాది, కొస కత్తి మాదిరి.
జానెడులో సగం గూడా జరగదు.
బండికి తెలీనే తెలీదు, తిన్నగానే పోతాంటాది.
గుత్తి దోవ అనుకున్నది డోన్ దోవ అయితాది."

ఆ రాత్రి గ మీద వేలు పెట్టి తీయలేదు.
నాలుగు నల్ల మెట్ల మధ్య ఒకే ఒక్క తెల్లది.
కింద స ను మెల్లగా మాననిచ్చి
దీన్నే స అనుకున్నాను.
అవే ఐదు మెట్లు. చుట్టరికాలు మారాయి.
నిన్నటి పంచమం గాంధారమై తల వంచుకుంది.
నిన్నటి ఇల్లు, ఆ పాత షడ్జమం,
ధైవతమై గుమ్మం బయటే ఆగింది.
హిందోళం.
చరణంలో చీకటి పడింది.

పదకొండూ నలభైకి గూడ్సు కూత.
దానిలో రెండు గొంతులు:
ఒకటి నా తెల్ల మెట్టుకు అతికింది,
రెండోది ఏ మెట్టుదీ కాదు,
మొదటిదాన్ని ఒరుసుకుంటూ వస్తుంది.
దాన్ని రాయడం నా వల్ల కాదు.
దాని కోసం రెండు మాత్రలు ఖాళీగా వదిలాను.

మళ్లీ పల్లవికి ఎట్లా రావాలో మాత్రం తెలీలేదు.
తెల్లారి ఐదింటికి స్టేషనుకే పోయి నిలబడ్డాను.
కుళ్లాయమ్మకు జలుబు.
గొంతు అరమెట్టు కిందికి జారింది, ప అందలేదు,
"బజ్జీ"ని గ మీదే దించేసింది,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.