ఛార్జరు నా దగ్గరే ఉంది

చోమాలో మా పిండిమర మొదలైతే
పక్కమనిషి తుమ్ము కూడా వినపడదు.
డీజిలు ఇంజను, ఇనప సుత్తులు, మొక్కజొన్న,
మూడూ కలిసి పొద్దుటినుంచి
ఒకే మాట మీద అరుస్తుంటాయి.

లాప్‌టాప్ వెనకగదిలో ఉండేది,
పిండిదుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పుకుని.
అరువుల లెక్కంతా దాని కడుపులోనే:
ఎవరు ఎన్ని బొక్కెనలు ఆడించారు,
ఎవరు కోతలయ్యాక ఇస్తామన్నారు.
కరీబాలో నీళ్ళు అడుగంటాయట, అందుకని
కరెంటు అర్ధరాత్రి చుట్టపుచూపుగా వచ్చి
కోడి కూసేలోపు వెళ్ళిపోతుంది.

ఆరిపోయేముందు అది ఒకసారి కుయ్‌మంటుంది.
అన్ని సుత్తుల మధ్య ఆ కుయ్ ఎవరి చెవిన పడాలి?
రెండుసార్లు అలాగే పోయింది.
రెండోసారి దాంతోపాటు
ముసలి హమూందే అరువు కూడా పోయింది.
"దేవుడున్నాడు" అన్నాడాయన, పళ్ళన్నీ కనపడేలా.

ఫోన్లు బాగుచేసే చిపేగోని పిలిచాను.
చెవిమీద స్క్రూడ్రైవరు, బుగ్గన వేరుశనగలు.
రెండింట్లోనూ ఒకటే యాప్ ఎక్కించింది,
ఇది అడిగితే అందులో 'సరే' నొక్కింది,
అది అడిగితే ఇందులో.
ఫోను నోరు మూసి పెట్టినా సరే
ఈ ఒక్క కబురుకి వణకాలని గట్టిగా చెప్పింది.
ఇరవై శాతానికి దిగితే ఒక కబురు,
వందకి నిండితే ఇంకొకటి.
"ఏమని పంపాలి? మాటలు మీవే" అంది.

నన్నెవరూ ఎప్పుడూ అలా అడగలేదు.
నాతో ఏం మాట్లాడాలో
నేనే రాసివ్వాలి.
'బ్యాటరీ తక్కువ' అని రాసి కొట్టేశాను,
బ్యాంకువాడి ఉత్తరంలా ఉంది.
'దాహం' అన్నాను, పిల్ల పకపకా నవ్వింది.
చివరికి,
'ఆకలేస్తోంది మామా.'
నిండితే, 'చాలు మామా.'
నాకు మేనల్లుళ్ళు నలుగురు,
ఒక్కడూ ఇంత మర్యాదగా అడగడు.

ఇక చొక్కా జేబులో, సరిగ్గా గుండెమీద,
మర గోలలో నాకొక్కడికే తెలిసే వణుకు.
సంచీ కట్టడం సగంలో వదిలి వెళ్ళి మూతేసి వచ్చేవాణ్ణి,
రాత్రిదాకా ఊపిరి నిలుపుకోమని.
జనం అనుకునేవాళ్ళు, వీడికి విరేచనాలని.

ఆగస్టులో ఓ రాత్రి కిటికీ చువ్వ వంచి
ఎవరో ఎత్తుకుపోయారు.
దుప్పటితో సహా.
పాస్‌వర్డ్ పెట్టలేదు నేను,
పిండి దొంగలుంటారు గానీ లెక్కల దొంగలుంటారా అని.
ఛార్జరు మాత్రం మరిచిపోయారు,
గోడమేకుకి అలాగే వేలాడుతోంది.
స్టేషన్లో రాసుకున్నారు. పెన్ను నాదే.

మూడో రాత్రి దిండు కింద వణికింది.
'ఆకలేస్తోంది మామా.'
లేచాను. నిద్రలోనే వెనకగదికి వెళ్ళాను.
వైరు కొస చేతికొచ్చాక గుర్తొచ్చింది.
ఆవు పోయాక పలుపు పట్టుకున్నవాడిలా
చీకట్లో కాసేపు నిలబడ్డాను.

తెల్లారి చిపేగో తల గోక్కుంది.
"ఎంతుందో చెబుతుంది గానీ
ఎక్కడుందో చెప్పదు.
ఆ సంగతి దానికి మనం నేర్పలేదు."
తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అరువులు మళ్ళీ నోటుబుక్కులో, పెన్సిలుతో.
కొందరు తామే వచ్చి చెప్పారు,
తలా ఒక బొక్కెన తగ్గించి.
ములేయా భార్యకి నా లెక్కలో బాకీ లేదు.
అరబొక్కెన ఉన్నట్టు గుర్తని డబ్బులు పెట్టి వెళ్ళింది.
తీసుకున్నాను. అదీ రాసుకున్నాను.
హమూందే రాలేదు.
ఆయన దేవుడు ఇంకా ఉన్నాడు.

"ఆ యాప్ ఇంకెందుకు, తీసేస్తా" అంది చిపేగో.
రేపు చూద్దాం అన్నాను. వారం తర్వాత
మళ్ళీ రేపే అన్నాను.

అక్టోబరు వేడి. కప్పు రేకు ఇంకా చల్లారలేదు.
అర్ధరాత్రి, కరెంటు వచ్చిన కాసేపటికి,
'చాలు మామా.'

ఎవరింట్లోనో, ఏ గోడకో,
దానికి సరిపడే వైరు దొరికింది.
తిట్టాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా.
మా ఆవిడ అటునుంచి "ఎవరు?" అంది.

తిన్నదట, అన్నాను.
ఫోను బోర్లించి
అటు తిరిగి పడుకున్నాను.