గరుకు

పలాసలో జీడిపిక్కలు కొట్టినాను పద్దెనిమిదేళ్లు.
జీడిసొన అరవదు, సెప్పదు,
రోజుకో పొర పట్టుకుపోతది.
బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా
ఏలికొసలు గాజుముక్కల్లా నున్నబడిపోనాయి.

బియ్యం డిపోలో మిషను మీద బొటనేలు పెట్టినాను.
ఎర్ర లైటు.
కొంగుతో తుడిసి పెట్టినాను. ఎర్ర లైటు.
"దాలమ్మా, నువ్వు నువ్వు కాదంట" అని డీలరు నవ్వినాడు.
ఎనకాల లైనులో ఉన్నోల్లూ నవ్వినారు, నానూ నవ్వినాను.
సంచీ మడిసి సంకలో ఎట్టుకుని ఇంటికొచ్చి
ఆ పూట పొయ్యి ముట్టించలేదు.

బట్టీ మూసేసిన ఏడాది
తవిటయ్య షెడ్డులో తుడవడానికి కుదిరినాను.
బొబ్బిలిలో ఈణెల కాడ ఉలి పట్టడం నేర్సినోడు,
ఇక్కడ కాశీబుగ్గ రోడ్డు మీద లేతు మిషనెట్టుకున్నాడు.
తిత్లీ గాలికి పడిపోయిన పనసమానులు
ఉద్దానంలో ఏ పెరట్లో సూసినా
ఏర్లు ఆకాశానికెట్టి పడున్నాయి.
బేరమాడి తెచ్చి గిన్నెలు తీసీవోడు.
మిషను తిరిగితే పసుప్పచ్చటి పొట్టు లేసి
నా జుత్తునిండా పడీది,
పెళ్లికి నలుగెట్టినట్టు, ఈ వయసులో.

ఒకనాడు గిన్నె సేతికిచ్చి "ఎలాగుంది?" అన్నాడు.
ఇసక కాగితం నాలుగు రకాలు పట్టిన గిన్నె.
"నా బొటనేలిలాగుంది" అన్నాను.
గిన్నె వేపు సూసినాడు. నా సెయ్యి వేపు సూసినాడు.
మాటాడకుండా ఇనప బ్రష్షు తెచ్చి నా ముందెట్టినాడు.

ముందు మంట సూపించాల.
గ్యాసు గొట్టంతో ఒళ్లంతా నల్లబడీదాకా.
ఇంకొంచెమైతే బొగ్గు,
ఆ కొంచేనికి ముందు ఆపీయాల.
అప్పుడు బ్రష్షు, నారెంబడి.
అడ్డంగా పోతే సెక్క ఏడుస్తాది.
మెత్తంది రాలిపోతది, గట్టిది నిలబడతాది,
మసి మాత్రం నా గోళ్లలో ఉండిపోతది మూడ్రోజులు.

తరవాత సన్న గోరుళి.
మిషను ఆపి, గిన్నె ఒళ్లో ఎట్టుకుని
గాటు, పక్కన గాటు.
పిక్క కొట్టీ లెక్కే ఇదీను:
దెబ్బ ఎవులైనా ఏస్తారు, ఆపడం రావాల.
లోతెంతో నా ఏలికి తెలీదు కదా,
ఎవులూ లేనప్పుడు పెదిమతో సూసీదాన్ని.
ఒకసారి బుగ్గకి రాసుకుంటంటే
తవిటయ్య మనవడు సూసి
"తాతా, దాలమ్మ గిన్నెని ముద్దెట్టుకుంటంది" అని అరిసినాడు.

"బైట నీ ఇష్టం.
లోపల నున్నగుండాల, తినీ సోటది" అన్నది తవిటయ్య షరతు.
నిజమే. నానూ ఒప్పుకున్నాను.
పదకొండు గిన్నెలకి ఒప్పుకున్నాను.

పన్నెండోదానికి లోపలా గీసీసినాను.
అడుగున సుడి, సుడి సుట్టూ సుడి,
అంచు దగ్గర ఒక గీత తెగి పక్కకెల్లిపోనాది.
తెగింది పొరపాటు. మళ్లీ కలపలేదు, అది మాత్రం కావాలనే.
కొబ్బరినూనె, తేనెమైనం పట్టించి ఎండకి దాసి
వారం ఎవులికీ సూపించలేదు.

"ఇది ఎవులు కొంటారే?" అని తిట్టినాడు తవిటయ్య.
విశాపట్నం కొట్టాయన తిరగేసి తిరగేసి కిందెట్టీసినాడు,
మిగతా పదకొండూ అట్టపెట్టెలో సర్దుకున్నాడు.
కూలిలో నూటేబై కోత.
గిన్నె నాదైపోనాది.

ఇప్పుడు డిపోలో కన్ను సూపిస్తే బియ్యమిస్తన్నారు.
రెప్పెయ్యకుండా నిలబడాల.
నాకు రెప్పపడిపోతాది, డీలరు ఇసుక్కుంటాడు,
మూడోసారికి పచ్చ లైటు.

ఆ బియ్యం ఈ గిన్నెతోనే కొలుస్తాను.
బోర్లించి ఎంత తట్టినా
గీతల్లో రెండు నూకలు ఇరుక్కుని రావు.
మొన్న తెల్లారగట్ల సూద్దును కదా,
నూక కోసం దిగిన సీమొకటి
గీతెంబడి తిరిగి తిరిగి తిరిగి
తెగిన కాడికొచ్చి ఆగింది.
మీసాలు ఆడించింది.
పొయ్యి మీద ఎసరు పొంగిపోతన్నాది,
నాను లెగలేదు.