పేరు గడి

పేజీకి ఇరవై సెంట్లు.
జీతం కాగితం ప్రింటు తీసుకుందామని వచ్చాను,
రాత్రి డ్యూటీ దిగినా నిద్ర పట్టక,
కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంటే.
సిడ్నీ పడమటి కొసన లివర్‌పూల్ లైబ్రరీ. జూలై చలి.
హీటరు పక్క కుర్చీల్లో ఇల్లులేనివాళ్ళిద్దరు
నిన్నటి పేపర్లు ఒళ్ళో పరుచుకుని కునుకుతున్నారు.

"నీకు తెలుగొచ్చా?" అంది బ్రొన్విన్,
నా మెళ్ళో ఆసుపత్రి బిళ్ళ మీద పేరు చదివి.
మంగళవారాలు రెండింటికి
ఆవిడ వంశవృక్షాల బల్ల వేస్తుంది.
మనిషికి అరగంట. టీ, బిస్కట్లు ఊరికే.
రెండు గజాల లేసు దొంగిలించి
శిక్షపడి ఓడెక్కిన తన ముత్తవ్వ గురించి
మనవాళ్ళు జమీందారు తాతల గురించి చెప్పుకున్నట్టు చెబుతుంది.

బల్లకి అటుపక్క రోజలిన్ అప్పలసామి.
డెబ్బై నాలుగేళ్ళు. పుట్టింది ఫిజీలో, లంబాసా చెరుకుతోటల్లో.
ముఖం మా పెదతల్లిది. మాట ఇంగ్లీషు,
మధ్యమధ్య నమిలేసిన హిందీ.
తెలుగు ఎంత వచ్చని అడిగితే
వేళ్ళు మడిచి లెక్కపెట్టింది:
బువ్వ. నీలు. దా. ఓలమ్మా.
ఒక వేలు మిగిలింది. అది మడవలేదు.

మూడేళ్ళుగా అమ్మమ్మని వెతుకుతోందట.
ఓడల జాబితాలు, కూలీల పాసులు,
తెర మీద గిరగిరా తిరిగే పాత ఫిల్ము.
ఫారంలో పేరు గడిలో పెన్సిలుతో ఒత్తి రాసుంది:
గుంట.
ఇంటిల్లిపాదీ అలాగే పిలిచేవారట.
రేవులో గుమాస్తా ఎన్ని రకాలుగా చెడగొట్టాడోనని
బ్రొన్విన్ పదకొండు స్పెల్లింగులు వేసి చూసింది.
ఏ ఓడలోనూ గుంట లేదు.

నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది.
మాది బొబ్బిలి పక్క. మా నాయన
నాకు పెళ్ళయ్యేదాకా ఆ మాటతోనే కేకేశాడు:
గుంటా, గొడ్లకి కుడితెట్టావా?
గుంటా, ఎక్కడ సచ్చావే?
ఎలా చెప్పను,
మూడేళ్ళుగా మీరు వెతుకుతున్నది పేరు కాదని,
మా వైపు ప్రతి వాకిట్లోనూ అది పరిగెడుతుంటుందని

చెప్పాను.
పిల్ల అని. ఆడపిల్ల అని.
ముద్దుకీ కోపానికీ అదొకటే మాటని.
ఆవిడ కళ్ళద్దాలు తీసింది. తుడవలేదు, ఊరికే పట్టుకుంది.
బిస్కట్టు టీలో నాని, విరిగి, అడుక్కి పోయింది.

"అయితే," అంది బ్రొన్విన్ మెల్లగా,
"ఆ పిల్లని అలా పిలిచేవాళ్ళెవరో
ఆ ఓడలో ఉండే ఉండాలి."

అరగంట ఎప్పుడో దాటింది.
తర్వాతి వంతు ఐర్లండు తాతగారిది.
గడియారం చూశాడు, మమ్మల్ని చూశాడు,
కుర్చీ ఇటు లాక్కున్నాడు.
పేరు వదిలేసి వయసుతో వెతికాం.
చంటివాళ్ళతో దిగిన తల్లుల్ని వెతికాం.
నాలుగున్నరకి, గీతలు పడ్డ ఫిల్ములో:

నీలమ్మ. భర్త లేడు. విశాఖపట్నం జిల్లా.
ఊరు కొత్తవలసో, కొత్తపేటో, సిరా పాకింది.
ఎడమ మోచేతి మీద తేలు పచ్చబొట్టు.
వెంట ఆడపిల్ల, ఒకటి. వయసు నాలుగు.

పిల్లకి పేరు రాయలేదు.
ఒకటి అని రాశారు.

ఆమేనా? బ్రొన్విన్ ఖాయం చేయదు.
పెన్సిలుతోనే ఉంచమంటుంది, ఇంకో రుజువు కావాలంటుంది.
రోజలిన్ తెర మీద తేలు దగ్గర వేలు ఆనించి,
"అమ్మమ్మకి తేలంటే భయముండేది కాదు," అంది.
దాన్ని రుజువుల్లో ఎక్కడ రాయాలో
మాలో ఎవరికీ తెలియలేదు.

ఐదింటికి సగం దీపాలు ఆర్పారు.
పేరు గడి చెరపడానికి రబ్బరు తీసుకుంది,
మళ్ళీ కింద పెట్టేసింది.
ప్రింటుకి ఇరవై సెంట్లు నేనే వేశాను.
నా జీతం కాగితం సంగతి మర్చేపోయాను.

మెట్ల మీద చలిగాలి. బస్టాపు వైపు తిరిగాను.
వెనక కారు తాళాలు గలగలలాడాయి,
ఎవరూ నేర్పని బొబ్బిలి యాసలో కేక:
"గుంటా, దా!"

నలభై ఆరేళ్ళదాన్ని. ఇద్దరు పిల్లల తల్లిని.
పరిగెత్తాను.