వుయ్ అంటే

కసవనహళ్ళిలో మూడో గేటు దగ్గర
రాత్రి రెండు దాటినాక కార్లు రావు.
కుక్కలు కూడా అలిసిపోతాయి.
అప్పుడు తెరుస్తా పుస్తకం.
మెజెస్టిక్ ఫుట్‌పాత్ మీద అరవై రూపాయలకు కొన్నది,
అట్ట లేదు, రాసినోళ్ళ పేరూ లేదు.

ధర్మవరంలో ఇరవై ఆరేండ్లు
మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నోణ్ణి.
పోగు తెగితే చీకట్లోనైనా ముడేసే ఈ వేళ్ళు
"ఈజ్" యాడ తెగిందో, "ఆర్" యాడ అతకాలో తెలీక
కాగితం మీద తడుముకుంటాయి.

పక్క కుర్చీ బిపుల్‌ది. అస్సాం పిల్లోడు.
వాళ్ళ ఊరి పక్క ఏరు
ఏటేటా ఇంత పొలం తింటుందంట.
ఆ ఒక్క మాట చెప్పడానికి వానికి మూడు రాత్రులు పట్టింది.
"రివర్ ఈట్" అన్నాడు మొదటి రాత్రి.
"రివర్ ఈటింగ్" అన్నాడు రెండో రాత్రి.
మూడో రాత్రి నా పుస్తకం తిరగేసి, వెతికి,
"రివర్ హాజ్ ఈటెన్" అని
ఊరికే కూర్చున్నాడు.
కాలాల పాఠం నాకట్లా వచ్చింది.

నాకు వచ్చే కన్నడం వానికి రాదు,
వానికి వచ్చే హిందీ నాకు రాదు.
ఇంక మిగిలింది
ఇద్దరి అమ్మలకూ తెలీని ఈ భాష,
చలిలో నడిమధ్య పెట్టుకున్న కుంపటి మాదిరి.

"హౌ డూ యూ డూ" వల్లె వేసినాం.
నాలుగేండ్లలో ఈ గేట్లో
ఎవరూ ఎవర్నీ ఆ మాట అడగలేదు.
"తింటివా?" అనేది మాత్రం ఏ పేజీలోనూ లేదు.
మేమే రాసుకున్నాం ఆఖరి కాగితం మీద:
"ఈటింగ్ ఓవర్?"
అది తప్పని ఏడో అంతస్తు పాప దిద్దింది.
ఆ తప్పుతోనే మాకు కడుపు నిండుతుంది,
అట్లే ఉంచినాం.

"యూ" అంటే నచ్చింది నాకు.
ప్రెసిడెంటు సారూ యూ, ఆయన కుక్కా యూ.
నోట్లో ఎప్పుడూ వంగి ఉండే "మీరు"
ఒక రాత్రి నడుం నిలబెట్టుకుంది.
తెల్లారినాక మళ్ళీ సార్ అన్నాలే.

పోయిన మంగళవారం
లిఫ్టు పక్కన నోటీసు అతికించినారు.
వేలు పెట్టి చదివినా, కొత్త డిజైను కార్డు
గడి గడి లెక్కపెట్టినట్టు.
"వుయ్ హావ్ డిసైడెడ్" అని మొదలు.
కెమెరాలు వస్తాయంట. రాత్రికి ఒక గార్డు చాలంట.
అన్ని మాటలూ అర్థమైనాయి,
మొదటిది తప్ప.

వుయ్ అంటే మనమా, మేమా?

బిపుల్‌ని అడిగితే
"వుయ్ మీన్స్ వుయ్, అంకుల్" అన్నాడు.
వాని భాషలోనూ ఒకటేనంట.
విడమర్చి చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేదు.
వాని చెయ్యి పట్టి నా కుర్చీ దగ్గరికి లాక్కొని
"మనం" అన్నా.
వాణ్ణి గేటు బయట నిలబెట్టి, గొళ్ళెం వేసి,
లోపల్నుంచి "మేము" అన్నా.
చువ్వల మధ్య వాని మొహం
నవ్వబోయి ఆగింది.

అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది.

ఆదివారం పొద్దున ఐదూ నలభైకి
రిజిస్టర్లో అవుట్ టైం వాడే రాసుకున్నాడు.
రిమార్క్స్ గడి ఎప్పుడూ ఖాళీయే కదా,
వాడు పోయినాక చూస్తే
అందులో ఐదు ఇంగ్లీషు అక్షరాలు, వంకర టింకరగా.
కూడబలుక్కున్నా.
మనం.

ఇప్పుడు రెండు దాటింది.
రేపటి గురించి చెప్పే పాఠం తెరిచి ఉంది,
ఐ షల్, వుయ్ షల్.
పక్క కుర్చీ వైపు తిరిగి
"ఈటింగ్ ఓవర్?" అంటా.
గోడ మీద కెమెరా
మెల్లగా నా వైపు తిరుగుతుంది.
దానికి మాటలు వినపడవంట.